నాలుగు బొమ్మల డబ్బా

కళింగపట్నంలో ఉన్న ఆ కొన్నేళ్ళూ నా ఫోను మోగిందంటే సముద్రం మీద ఎవరో ఆపదలో ఉన్నట్టే. ఊరికే పలకరిద్దామని నాకు ఫోను చేసేవాళ్ళు ఎవరూ లేరు. అమ్మా నాన్నా అప్పటికే పోయారు. విజయనగరంలో ఉన్న అన్నయ్య క్రిస్మస్‌కి ఒకసారి, ఈస్టర్‌కి ఒకసారి చేసి, బాగున్నావా అని అడిగి, నేను బాగున్నాను అనేలోపే వదినకి ఇచ్చేసేవాడు. అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కాలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా విసిగిపోయి మానేశారు. నా నోటికి భయపడి మానేశారని వదిన అంటుంది, అందులో కొంత నిజం ఉంది.

మాది శృంగవరపుకోట. నాన్న మిషనాసుపత్రిలో కాంపౌండరుగా చేసేవాడు. కొండగాలికి పెరిగినదాన్ని, సముద్రం ఒడ్డున ఉద్యోగం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. రెండు వేల పది దాటిన కొత్తలో మత్స్యకారుల సంఘం ఆఫీసులో గుమాస్తాగా వేశారు. ఆఫీసంటే పడవలు లాగే చోటుకి కాస్త ఎగువన ఒక గది, రెండు కుర్చీలు, ఒక బీరువా. ఉప్పుగాలికి మొదటి నెలలోనే ఆ బీరువా తాళం బిగుసుకుపోయింది. కొబ్బరినూనె పోసి, తిట్టి, సుత్తితో కొట్టి తెరిచాను. అలా తిట్టడం బయట ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు విన్నారు. కొత్తగా వచ్చినావిడ మంచి గట్టిదని ఆ రోజే పేరు వచ్చింది.

అద్దెకు దొరికిన ఇల్లు రెండు గదులది. కిటికీ తెరిస్తే సందు, సందు దాటితే ఎదురింటి గుమ్మం. ఆ ఇంట్లో పడవ నడిపే సరంగు, అతని పెళ్ళాం, ఆమె తండ్రి ఉండేవారు. ఆ తండ్రి సరంగుకి మేనమామ కూడా, మావా అని పిలిచేవాడు. అరవై దాటినా అల్లుడితో కలిసి వేటకి వెళ్ళేవాడు. నేను వచ్చిన మూడో రోజు సాయంత్రం ఆ ఇల్లాలు స్టీలు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“ఒక్కదానివే ఉంటావేటప్పా? బయం నేదా?” అంది.

అప్పా అంటే అక్కా అని. నన్నలా పిలిచిన మొదటి మనిషి ఆ ఊళ్ళో ఆమే.

“భయమెందుకు? నన్ను చూసి ఎవరైనా భయపడాలి గానీ” అన్నాను.

ఆమె నవ్వింది. “సేపల పులుసు ఒండినాను. తినీ. గిన్నె మెల్లగా ఇద్దువుగాని” అని వెళ్ళిపోయింది.

మా అమ్మ ఎవరింటి గిన్నె వచ్చినా ఖాళీగా తిరిగి పంపేది కాదు. ఏమీ లేకపోతే బెల్లం ముక్కయినా, గుప్పెడు పంచదారైనా వేసేది. మర్నాడు నేనూ గిన్నె తోమి, బెల్లం ముక్క వేసి ఇచ్చాను. రెండు రోజులకి గిన్నె మళ్ళీ వచ్చింది, ఈసారి నెత్తళ్ళనే చిన్న చేపల వేపుడుతో. మళ్ళీ నేను అటుకులు వేసి ఇచ్చాను. అలా ఆ గిన్నె మా రెండిళ్ళ మధ్యా తిరగడం మొదలుపెట్టింది. ఆమె రోజూ రాదు, వచ్చినా గుమ్మంలోనే నిలబడి పది నిమిషాలు మాట్లాడి పోతుంది. కానీ వారంలో నేను ఆఫీసు పని కాకుండా మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఆ పది నిమిషాలవే. సాయంత్రం సందులో గాజుల చప్పుడైతే కిటికీ వైపు చూసేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గులేదు, ఆ గిన్నె కోసం ఎదురు చూసేదాన్ని.

రెండో ఏడు పడవలకి డబ్బాలు వచ్చాయి.

పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా, పైన పొట్టి ఏంటెనా, ముందు నాలుగు బొత్తాలు. ఒడ్డు కనబడనంత దూరం పోతే సెల్‌ఫోను పనిచేయదు కదా, అలాంటి చోట ఆపద వస్తే బొత్తం నొక్కాలి. డబ్బా ఆ కబురునీ పడవ ఉన్న చోటునీ ఆకాశంలో ఉపగ్రహానికి పంపుతుంది. ఉపగ్రహం నుంచి అది ఎక్కడో దూరాన ఉన్న కంట్రోల్ రూముకి చేరుతుంది. వాళ్ళు ఒడ్డున ఉన్న మనిషికి ఫోను చేసి, పడవ వివరాలు కనుక్కుని, ఓడని పంపుతారు. మా ఊరి పడవలన్నిటికీ ఒడ్డున ఉన్న ఆ మనిషిని నేనే. నా నెంబరే రాశారు.

చదువు రానివాళ్ళకి తెలియాలని ప్రతి బొత్తం మీదా ఒక బొమ్మ అంటించారు. మంట. మునిగిపోతున్న పడవ. నీళ్ళలో పడ్డ మనిషి. మంచం మీద పడుకున్న మనిషి, అంటే జబ్బు. డబ్బా కబురు పంపగలదు గానీ తిరిగి కబురు చెప్పలేదు. నొక్కితే ఎర్ర లైటు మిణుకుమంటుంది, అంతే. విన్నారో లేదో నొక్కినవాడికి తెలియదు.

ఎదురింటి ముసలాయన, ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు. “ఇది ఏ సుక్కతో మాటాడతాది తల్లీ?”

“చుక్క కాదు బాబాయ్. మనం పంపిందే. చాలా ఎత్తులో ఉంటుంది, కనపడదు. ఎప్పుడూ ఒక్క చోటే ఉంటుంది.”

“ఒక్కతేనా?”

“ఒక్కతే.”

“నీలాగే గావాల” అని నవ్వాడు. వేళాకోళానికే అన్నాడు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం వండుకుంటూ ఆ మాట ఇంకో రెండుసార్లు గుర్తుచేసుకున్నాను.

డబ్బాలు పడవలకి బిగించిన ఉదయం ఒడ్డున సందడిగా ఉంది. కొత్త వల కొన్నా, కొత్త ఇంజను బిగించినా వాళ్ళకి పూజ ఉండాలి. డబ్బాకి పసుపు రాశారు, కుంకుమ బొట్టు పెట్టారు, కర్పూరం వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు. నేను క్రైస్తవుల పిల్లని కనక కాస్త దూరంగా నిలబడి చూస్తున్నాను. ఆ ఒడ్డున బాబాయిది మంచి చెయ్యి అని పేరు. కొత్త వల మొదట ఆయన తాకాలి, కొత్త పడవకి మొదటి తాడు ఆయన కట్టాలి. కాబట్టి కాయ కొట్టడం అవగానే అందరూ ఆయన్నే ముందుకి తోశారు. ఆయన చేతులు కడుక్కుని, తూర్పుకి దణ్ణం పెట్టి, వద్దని నేను అరిచేలోపే మొదటి బొత్తం గట్టిగా నొక్కాడు. ఎర్ర లైటు మిణుకుమంది. అందరూ చప్పట్లు కొట్టారు.

నా ఫోను మోగింది.

అవతల మనిషి ఇంగ్లీషులో గడగడా అడిగాడు. పడవలో మంటలా? ఎంతమంది ఉన్నారు? నేను చూస్తుండగా అక్కడ మండుతున్నది అరచేతిలో పట్టేంత కర్పూరం. పొరపాటున నొక్కారు సార్ అన్నాను. ఆయన గొంతు మారిపోయింది. మీకు శిక్షణ ఇచ్చింది ఇందుకేనా, అక్కడ బాధ్యత గల మనిషి ఒక్కరైనా ఉన్నారా అని చెడామడా వాయించాడు. నేను ఎస్ సార్, సారీ సార్ అంటూ నిలబడ్డాను. నా జన్మలో నేను అలా ఎవరి చేతా తిట్లు తినలేదు, తిట్టడమే నాకు అలవాటు.

ఫోను పెట్టేశాక నాకు ఒళ్ళు తెలియలేదు.

“ఏటిది బాబాయ్, బుర్ర ఉందా నీకు?” అన్నాను అందరి ముందూ. “గుడి గంటనుకున్నావా వచ్చిన ప్రతివాడూ కొట్టడానికి? ఓడ బయలుదేరితే ఏం చెప్పేవాడివి? బోణీ చేశానని చెప్పేవాడివా?”

ఆయన మొహం చిన్నబోయింది. “బోణీయే సేసినాను తల్లీ. తప్పైపోనాది” అన్నాడు.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. మా ఇంట్లో అన్ని తప్పులకీ మన్నింపు ఉండేది గానీ అబద్ధానికి ఉండేది కాదు, నాన్న భోజనం మాన్పించి మోకాళ్ళ మీద కూర్చోబెట్టేవాడు. నాలో ఆయనే మాట్లాడాడేమో. సరంగులందరినీ చుట్టూ నిలబెట్టి చెప్పాను. “బొమ్మలో ఏముందో అదే మీ కళ్ళ ముందు అవుతుంటే నొక్కండి. కాకుండా నొక్కితే అబద్ధమాడినట్టే. అబద్ధమాడినవాడి డబ్బా ఆ పూటే పట్టుకుపోతాను, మళ్ళీ ఇవ్వను.” పట్టుకుపోయే అధికారం నాకు లేదు. ఆ మాట నేను కల్పించిందే. తర్వాత బాబాయ్ చేత నాలుగు బొమ్మలూ వేలితో చూపించి, ఒక్కోటి ఎప్పుడు నొక్కాలో పైకి చెప్పించాను. బడిపిల్లాడికి అప్పజెప్పించినట్టు చెప్పించాను. ఆయన ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.

సాయంత్రం ఆ ఇల్లాలు గిన్నె తెచ్చింది. “అయ్యనలాగన్నావు గానప్పా, మద్దేన్నం అన్నం తిననేదు” అంది. కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. నాకు తప్పుగా అనిపించింది, కానీ నోటితో ఒప్పుకోవడం నాకు చేతకాదు. మర్నాడు గిన్నెలో మామూలు కన్నా పెద్ద బెల్లం ముక్క వేసి ఇచ్చాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఒక్క తప్పుడు కబురు కూడా లేదు. పక్క ఊళ్ళలో వారానికొకటి వచ్చేవట, మా ఊరి నుంచి ఏమీ లేదు. పై ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. నేను చెప్పిన పద్ధతి వల్లనే అని ఎంత మురిసిపోయానో. ఫోనుకి రెండు చార్జర్లు కొన్నాను, ఒకటి ఇంట్లో, ఒకటి ఆఫీసులో. ఆదివారం శ్రీకాకుళంలో చర్చికి బస్సులో వెళ్తే ప్రార్థనలో కూడా ఫోను ఒళ్ళోనే ఉంచుకునేదాన్ని. అది మోగదు. కొన్ని సాయంత్రాలు అసలు పనిచేస్తోందో లేదోనని బ్యాలెన్సు నెంబరు నొక్కి, అందులోని ఆడగొంతు చెప్పేది చివరిదాకా వినేదాన్ని.

ఆషాఢంలో ఒక సోమవారం తెల్లవారుజామున ఎదురింటి పడవ వేటకి పోయింది. సరంగు, బాబాయ్, పడవ పని చేసే ఇద్దరు కలాసీలు. మంగళవారం సాయంత్రానికి తిరిగి రావాలి. ఆదివారం సాయంత్రమే ఆమె పులుసు ఇచ్చింది, ఆ గిన్నె నా దగ్గరే ఉంది.

బుధవారం ఉదయం ఆమె గుమ్మంలోకి వచ్చింది. “రానేదప్పా. నీ ఫోను మోగిందా?”

“లేదే.”

“అయితే బాగున్నట్టే గదా?”

“బాగున్నట్టే. ఏదైనా అయితే డబ్బా నొక్కరూ? చేపలు బాగా పడుతున్నాయేమో, ఇంకో పూట ఉండిపోయుంటారు.”

ఆమె మొహం తేటపడింది. నేను ఆ మాటని అంత నమ్మకంగా చెప్పాను మరి.

గురువారం మళ్ళీ వచ్చింది. మోగిందా? లేదు. అయితే బాగున్నట్టే. ఈసారి ఆ మాట ఆమే అంది, నేను తల ఊపాను. మధ్యాహ్నం కలాసీల ఇళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళకీ నేను అదే చెప్పాను. ఫోను మోగలేదంటే క్షేమం. ఒడ్డున పెద్దలు వెతకడానికి పడవలు తియ్యాలా అని అడిగితే, తొందరపడకండి, డబ్బా ఉంది కదా అన్నాను. వాళ్ళు నా మాట విని ఆగారు.

శుక్రవారం ఆమె రాలేదు. తన గుమ్మంలో కూర్చుని నా కిటికీ వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, ఇంకా మోగలేదని. ఆమె కూడా తల ఊపింది. ఆ పూట నేనే కంట్రోల్ రూముకి ఫోను చేశాను. ఆ డబ్బా నుంచి ఏ కబురూ లేదన్నారు. పడవ రాలేదు సార్ అంటే, చోటు తెలియకుండా అంత సముద్రంలో ఎక్కడని వెతుకుతాం, మీరు కాగితం పెట్టండి, మిగతా ఓడలకి చెబుతాం అన్నారు. అప్పుడు ఒడ్డున పడవలు కదిలాయి. సాయంత్రానికి ఉత్తచేతులతో వచ్చాయి.

శనివారం ఉదయం పదకొండింటికి ఫోను మోగింది. నాలుగో బొమ్మ. జబ్బు. పడవ ఒడిశా వైపు చాలా దూరం కొట్టుకుపోయి ఉంది.

ఫోను చెవి దగ్గర పెట్టుకునే సందులోకి పరిగెత్తాను. “మోగిందే! మోగింది! ఉన్నారు!” అని అరిచాను. అంతవరకూ మోగకపోతే క్షేమం అనుకున్న మేమిద్దరం, మోగినందుకు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆమె జుట్టుకి పొయ్యి పొగ వాసన, నాకు ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రానికి ఓడ వాళ్ళని చేరుకుందని, నలుగురినీ ఎక్కించుకుని అక్కడి రేవులో ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని కబురొచ్చింది.

మర్నాడు ఆదివారం. మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యం చెప్పేవాళ్ళు లేచి చెబుతారు, దేవుడు తమకు చేసిన మేలు. అన్నేళ్ళలో నేను ఎప్పుడూ లేవలేదు, నాకు చెప్పుకోడానికి ఏముంది? ఆ రోజు లేచాను. డబ్బా గురించి, బొమ్మల గురించి, నేను నేర్పిన పద్ధతి గురించి, నలుగురు మనుషుల ప్రాణాలు దక్కడం గురించి చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. బయటికొచ్చాక ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు నా చేతులు పట్టుకున్నారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

బస్సు దిగేసరికి ఒడ్డంతా ఏడుపు. బాబాయ్ ఆ ఉదయమే ఆసుపత్రిలో పోయాడు.

శవాన్ని తీసుకొచ్చారు, చెయ్యాల్సినవి చేశారు. జనం వెనకాల నిలబడి చూశాను. బాగున్నట్టే అని చెప్పిన నోటితో ఆ గుమ్మం ఎక్కలేకపోయాను. దినాలయ్యాక సరంగు ఆఫీసుకొచ్చి డబ్బాని నా బల్ల మీద పెట్టాడు. మనిషి సగమయ్యాడు, పెదాలు ఇంకా పగిలే ఉన్నాయి.

“ఎందుకు నొక్కలేదయ్యా అన్ని రోజులు?” అన్నాను. అప్పుడు కూడా నా గొంతు లేచింది.

“ఏది నొక్కుతాం అప్పా?” అన్నాడు. “మంగళోరం మద్దేన్నం ఇంజను సచ్చిపోనాది. మంట నేదు. పడవ మునగనేదు. మనిసి నీళ్ళల్లో పడనేదు. నలుగురం బాగానే ఉన్నాం గదా. ఇంజను బొమ్మ నేదు.”

నేను డబ్బా తిప్పి నాలుగు బొమ్మలూ చూశాను.

“కలాసీలిద్దరూ మునిగిపోయే బొమ్మ నొక్కీమన్నారు. మా మావే నొక్కనిచ్చినాడు కాడు. ‘ఆ తల్లి అబద్దం ఆడొద్దన్నాది. డబ్బా అట్టుకుపోతాది. రేపు నిజింగా మునిగినోడికి ఏటుంటాది?’ అన్నాడు. డబ్బా ఒళ్ళో ఎట్టుకుని కూకున్నాడు, ఎవుల్నీ ముట్టుకోనిచ్చినాడు కాడు. బేస్తోరానికి మంచినీళ్ళైపోనాయి. వాన సినుకు నేదు. మిగిలిన గుక్కెడూ మాకే పోసీసినాడు. సనోరం పొద్దున్న ఆయనకి తెలివి తప్పినాక నాను డబ్బా లాగీసి నొక్కినాను. మంచమ్మీద మనిసి బొమ్మ. అప్పుడు నిజిమే గదా అప్పా?”

నన్ను తప్పు పట్టడానికి అన్న మాట కాదు. సరిగ్గా నొక్కానా లేదా అని నిజంగానే అడుగుతున్నాడు. సరిగ్గానే నొక్కావు అన్నాను. ఒక్క రోజు ముందు తెస్తే మనిషి దక్కేవాడని డాక్టరు అన్నాడట, ఆ మాట కూడా అతనే చెప్పాడు. డబ్బా తిరిగి అతని చేతిలో పెడితే, ఉంచుకోవచ్చా అని అడిగాడు.

అతను వెళ్ళాక శిక్షణలో రాసుకున్న నోట్సు తీశాను. ఏ బొమ్మకీ సరిపోని ఆపద వస్తే ఏదో ఒకటి నొక్కమనండి, కబురు అందడమే ముఖ్యం. నా అక్షరాలే. కింద గీత కూడా గీసుకున్నాను. కర్పూరం పొద్దున నేను ఆ ముక్క ఒక్కటే చెప్పలేదు. అబద్ధాన్ని ఆపాలన్న పట్టుదలలో, ఆ ముక్క చెబితే మళ్ళీ ఊరికే నొక్కుతారని, కావాలనే దాచాను. ఎనిమిది నెలల నిశ్శబ్దం చూసి గొప్పనుకున్నాను. ఆ నిశ్శబ్దమే ముసలాయన్ని చంపింది.

మర్నాటి నుంచి పడవ పడవకీ తిరిగాను. ఏదైనా నొక్కండి, మీకు భయమేస్తే చాలు నొక్కండి, నన్ను ఎవరు తిట్టినా నేను పడతాను అని చెప్పాను. అందరూ తలలు ఊపారు. ఆ తర్వాత తప్పుడు కబుర్లు చాలానే వచ్చాయి. ఫోనులో తిట్లు తిన్నాను. తిట్టించుకున్న రోజు ఆ పూట కాస్త తేలిగ్గా అన్నం తినగలిగేదాన్ని.

ఎదురింటి గిన్నె మాత్రం నా అలమారులోనే ఉండిపోయింది.

ఖాళీగా ఇవ్వకూడదు. ఏం వెయ్యాలి? చావింటికి బెల్లం ఎలా పంపుతాను? దినాలు అయ్యాక వేద్దామనుకున్నాను. దినాలు అయ్యాయి. అరటిపళ్ళు కొన్నాను, ఇవేం పళ్ళు, తండ్రిని పోగొట్టి రెండు పళ్ళు పెడతావా అనిపించి నేనే తినేశాను. బియ్యం వేద్దామనుకున్నాను, వాళ్ళకి గతిలేక ఇచ్చినట్టు ఉంటుందనిపించింది. ఆమెతో ఏం మాట్లాడాలో తెలిస్తే గిన్నెలో ఏం వెయ్యాలో తెలిసేది. రోజూ సాయంత్రం ఆ గిన్నె తీసి తోమి మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. ఎప్పుడో కిటికీ మూసేశాను. ఆమె నీళ్ళు పట్టుకునే వేళ దాటాక ఇంట్లోంచి బయలుదేరేదాన్ని, ఆమె లోపల పొయ్యి దగ్గర ఉండే వేళకి తిరిగి వచ్చేదాన్ని. సందులో గాజుల చప్పుడైతే ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. ఆ చప్పుడు నా గుమ్మం దాకా రాలేదు. కొత్తలో ఉన్న ఒంటరితనం నాకు అలవాటైనదే. ఇది వేరు. ఎదురుగా మనిషి ఉండగా లేకుండా బతకడం, దాన్ని నేను ఓర్చుకోలేకపోయాను.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. కార్తీకంలో బదిలీ కాగితం వచ్చింది, విజయనగరం ఆఫీసుకి. అడిగి వేయించుకున్నదే.

వెళ్ళే రోజు ఉదయం ఆటోలో సామాను ఎక్కించాను. ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, రెండు సంచులు. ఆటో ఎక్కబోతుంటే ఆమె సందు దాటి వచ్చి ఎదురుగా నిలబడింది. నాలుగు నెలల్లో ఆమెని అంత దగ్గరగా చూడడం అదే. తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి.

“ఎల్లిపోతన్నావా?”

“అవును.”

“మరి నా గిన్నె?”

గిన్నె ట్రంకు పెట్టెలో ఉంది, చర్చికి కట్టుకునే చీర మడతల్లో. ఎందుకు సర్దానో నాకే తెలియదు. ఆటోవాడు విసుక్కుంటుంటే పెట్టె దింపించి, నడి సందులో తెరిచి, చీరలోంచి గిన్నె తీశాను. నాలుగు నెలలు తోమిన గిన్నె, కొత్తదానిలా మెరుస్తోంది.

“ఏం వేసి ఇవ్వాలో తెలియక ఉంచేశానే” అన్నాను. “ఖాళీగా ఎలా ఇవ్వను?”

ఆమె గిన్నె అందుకుని లోపలికి చూసింది.

“కాళీదే అట్టుకొచ్చీవలిసిందప్పా” అంది. “అయ్య పోనాడని ఊరు ఊరంతా మా గుమ్మమెక్కినారు. ఎదరింటిదానివి, నువ్వొక్కదానివే రానేదు. అయ్యని తిట్టినావని నాకేటీ కోపం నేదు, నువ్వు తిట్టనిదెవుల్ని? గిన్నె ఇచ్చీడానికైనా వస్తావని నాలుగు నెల్లు సూసినాను. ఏదైనా నొక్కండని ఊరందరికీ సెప్పినావు గదా, మరి నువ్వో?”

నేను ఏడుస్తున్నాను. సారీ అన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆమె గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళింది. అయిపోయిందనుకుని ఆటో ఎక్కాను. ఆటో కదలబోతుంటే తిరిగొచ్చి, గిన్నె నిండా ఎండు నెత్తళ్ళు వేసి, పైన కాగితం కప్పి నా ఒళ్ళో పెట్టింది.

“ఈపాలి కాళీదే అట్టుకొచ్చీ” అంది.

అదంతా జరిగి కొన్నేళ్ళయింది. గిన్నె విజయనగరంలో నా వంటగది అలమారులో ఉంది. నెత్తళ్ళు నెలలోపే అయిపోయాయి, గిన్నె ఖాళీగానే ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ శ్రీకాకుళంలో బస్సు దిగి, ఖాళీగా ఎలా వెళ్ళనని, ఏం కొనాలా అని బజారంతా తిరిగి, వెనక్కి వచ్చేశాను.